నొప్పి లేని మచ్చ

మన ఇండ్లలో వచ్చినవారికి మొదట మంచినీళ్లు, లేచేటప్పుడు వక్కాకు. ఈ మర్యాద తప్పిన ఇల్లు మా కనకమ్మ సత్రంలో గాని, అటు తిరుత్తణిలో గాని, ఇటు తిరువళ్ళూరులో గాని నేను చూడలేదు. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా నుండి విడిపోయి మద్రాసు రాష్ట్రంలో చేరినది. బడిలో పుస్తకాలు మారినవి, కచ్చేరిలో కాగితాలు మారినవి. తాంబూలం తట్ట మాత్రం ఉన్నచోటనే ఉన్నది. అటువంటి తట్టను గురించి నాలుగు కటువైన మాటలు వ్రాయవలసి రావడం నాకు సంతోషం కాదు.

నేను డాక్టరును కాను. ఒక ఆఫీసులో గుమాస్తాను. చదివినది మెట్రిక్యులేషను వరకే. అయితే ఈ నోటి క్యాన్సరు అనే మాట మా ఇంటిలోకి రెండుసార్లు వచ్చినది. మొదటిసారి నేను బడిపిల్లవాణ్ణి, ఏమీ తెలియదు. రెండోసారి అది నా నోటిదాకానే వచ్చినది. ఫైళ్లు తిరగవేయడం మా బోటివాళ్లకు అలవాటైన పని గనుక, దొరికినంత చదివి, తెలియనిచోట డాక్టర్లను విసిగించి, తెలుసుకొన్నది మన పత్రిక చదివే కుటుంబాల కోసం వ్రాస్తున్నాను.

మా అవ్వ, అనగా అమ్మను కన్న తల్లి, నడుముకు ఎప్పుడూ వక్కాకు సంచి దోపుకొని ఉండేది. దానిలో అరలు. ఒక అరలో ఆకులు, ఒక అరలో వక్కలు, ఒకదానిలో పొగాకు కాడ, చిన్న ఇత్తడి డబ్బీలో సున్నం. ఆకు వెన్ను తీసి, గోటితో సున్నం రాసి, వక్క పెట్టి, చివర పొగాకు తుంచి, మడిచి ఎడమ బుగ్గలో పెట్టుకొనేది. నమలడం తక్కువ, ఊరనివ్వడం ఎక్కువ. మధ్యాహ్నం నిద్రపోయేటప్పుడు కూడ బుగ్గలో ఆ ఉండ అట్లాగే ఉండేది. పిల్లలం మేము ఆమె ఎడమ బుగ్గ ఉబ్బు చూచి నవ్వేవాళ్లం.

1991లో ఒకరోజు పన్ను కదులుతున్నదని నన్ను దీపం పట్టమన్నది. ఎడమ బుగ్గ లోపల, సరిగ్గా ఆ ఉండ కూర్చునే చోట, పాలమీగడ అంటుకొన్నట్టు తెల్లగా కనిపించింది. అవ్వా, ఏదో ఉన్నదే అన్నాను. వేలితో తుడిచి చూచుకొన్నది, పోలేదు. "నొప్పి లేదు గదరా నాయనా. నొప్పి లేనిదానికి మందేమిటి?" అన్నది. ఇంట్లో పెద్దలందరూ ఔనన్నారు. నాకూ అది న్యాయంగానే తోచింది.

తరువాత కారం తినలేకపోయింది. వేడి చేసిందన్నారు. సబ్జా గింజలు నానవేసి ఇచ్చారు. దగ్గరలో మందులిచ్చే ఒకాయన వద్దకు తీసుకొనిపోతే నోరు పూసినదని విటమిను మాత్రలు ఇచ్చాడు. నెల తరువాత మళ్లీ అవే. దాదాపు ఏడాది అవే. ఒక్కసారైనా నోరు బాగా తెరిపించి వెలుతురులో చూచినట్టు నాకు జ్ఞాపకం లేదు. కదిలే పన్ను పీకించారు. పీకినచోట గుంట మానలేదు. మెడలో గట్టి గడ్డ తేలినది. అప్పుడు మద్రాసు. అక్కడ చూచిన డాక్టరు అమ్మను పక్కకు పిలిచి, ఎన్ని రోజులుగా ఉన్నదమ్మా అని అడిగితే, అమ్మ "నెల రోజులు" అన్నది. గడ్డ తేలి నెల. అంతకుముందు ఉన్నదేదీ ఆమె లెక్కలోకి రాలేదు. అవ్వ 1993లో పోయినది. అంతవరకు మా ఊళ్లో దానిని రాచపుండు అనేవారు. అవ్వ తరువాతనే మా ఇంట్లో క్యాన్సరు అనే మాట పలికారు, అదీ గొంతు తగ్గించి.

ఆ జవాబు చాలా ఏండ్లు నా మనస్సులో మెదిలేది. నిజంగా ఎన్ని రోజులుగా ఉన్నది? ఇప్పుడు చదివిన తరువాత చెప్పగలను: ఏండ్లుగా ఉండి ఉంటుంది. ఈ వ్యాధి ఒక రాత్రిలో వచ్చేది కాదు. రాకముందు చాలాకాలం గుమ్మంలో నిలబడుతుంది. నిలబడి ఉన్నంతకాలం నొప్పి పెట్టదు. అదే దానికి బలం.

ఈ సంగతి మొదట మన దక్షిణాదిలోనే పట్టుబడినది. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో పనిచేసిన నిబ్లాక్ అనే దొర 1902లోనే, ఇక్కడివారికి బుగ్గ క్యాన్సరు ఇంత ఎక్కువగా ఎందుకు వస్తున్నదని ఆలోచించి తాంబూలం వైపు వేలు చూపాడు. 1933లో ఆర్ అనే డాక్టరు, తిరువాన్కూరు దక్షిణ భాగంలోని నెయ్యూరు మిషను ఆసుపత్రి అనుభవంతో, వక్క నమిలేవారి నోటి క్యాన్సరును గురించి లాన్సెట్ పత్రికలో వ్రాశాడు. తరువాత మన అడయారు. డాక్టరు ముత్తులక్ష్మి రెడ్డి గారి చెల్లెలు 1923లో క్యాన్సరుతో పోయినప్పటి నుండి ఆమె మనస్సులో పెట్టుకొన్న సంకల్పం 1954లో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌గా నిలిచినది. మొదట అది పన్నెండు మంచాల ఆసుపత్రి. అక్కడ ఆమె కుమారుడు డాక్టరు కృష్ణమూర్తి, డాక్టరు శాంత కలిసి నోటి క్యాన్సరు కారణాలను పరిశీలించి 1959లో బ్రిటిషు క్యాన్సరు పత్రికలో ప్రకటించారు. మన ఊరి నుండి రైలుకు పోతే పూట ప్రయాణం. అంత దగ్గరలో ఇంత తెలిసి ఉండగా, 1991లో మా ఇంట్లో సబ్జా గింజలు నానవేస్తున్నాము.

అయితే మచ్చకూ క్యాన్సరుకూ గల బంధుత్వాన్ని ఇల్లిల్లూ తిరిగి చూచిన కథ ఇంకొకటి ఉన్నది. అది జరిగినది మన తెలుగు దేశపు ఉత్తరపు కొసన, శ్రీకాకుళంలో. ఆ వైపు సముద్రతీర గ్రామాలలో అడ్డపొగ అనే అలవాటు ఉన్నది. చుట్ట నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకొని పెదవులు మూసి పీల్చడం. వినని వారికి నమ్మశక్యం కాదు. పురుషులకంటె స్త్రీలలో ఇది ఎక్కువ. సముద్రపు గాలికి నిప్పు ఆరదని, చేతులకు పని ఆగదని, చంకలో బిడ్డమీద నుసి రాలదని కారణాలు చెబుతారు. ఏ కారణమైతేనేమి, ఆ వేడీ ఆ పొగా నేరుగా అంగిలికి తగులుతవి. లోకంలో మరెక్కడా అంతగా కనిపించని అంగిలి క్యాన్సరు అక్కడ కనిపించేది. దీనిని గురించి 1957లోనే డాక్టరు గోవిందరెడ్డి, డాక్టరు రావు అనేవారు కోస్తా ఆంధ్రలో చూచినది వ్రాశారు.

తరువాత బొంబాయి టాటా పరిశోధన సంస్థ నుండి డాక్టరు ఫాలీ మెహతా, డెన్మార్కు దేశపు ఆచార్యుడు పిండ్‌బోర్గ్, వారి అనుచరులు 1960ల చివరి ఏండ్లలో దేశంలో అయిదు జిల్లాలను ఎంచుకొని పల్లెలలో దిగినారు. వాటిలో ఒకటి శ్రీకాకుళం. రోగి ఆసుపత్రికి వచ్చేదాకా కాచుకోలేదు. రోగమే లేనివారి ఇండ్లకు పోయి, వాకిట కూర్చోబెట్టి, నోరు తెరిపించి చూచారు. శ్రీకాకుళం పల్లెలలో అట్లా చూచినవారు 10,169 మంది. వారిలో నూటికి 44 మంది దాకా అడ్డపొగ అలవాటువారే. వారి అంగిళ్లలో తెల్లని మందపు పొరలు, ఎర్రని చుక్కలు, రంగు పోయిన మచ్చలు, చిన్న పుండ్లు విడివిడిగా గుర్తించి 1971లో ప్రకటించారు. అంతటితో ఊరుకోలేదు. ఏటేటా అదే ఇండ్లకు తిరిగి పోయినారు. ఏ మచ్చ పోయినది, ఏది ఉన్నచోటనే ఉన్నది, ఏది క్యాన్సరైనది అని పదేండ్లు వెంట నడిచి చూచారు. తేలినదేమనగా, కొత్తగా క్యాన్సరు వచ్చినవారు దాదాపు అందరూ పొగాకు వాడేవారే, వారిలో ఎక్కువమందికి అంతకుముందే నోట ఏదో మార్పు కనిపించి ఉన్నది. తెలియకుండా వచ్చినది తక్కువ. ఎవరూ చూడనందువల్ల తెలియకపోయినది ఎక్కువ.

అదే బృందం మరొక పనిచేసినది. శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాతులోని భావనగరం జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడేవారికి అలవాటు మానమని బోధించి, అయిదేండ్ల తరువాత చూచారు. మానినవారు కొందరే, అది సహజం. కాని మానినవారిలో, తగ్గించినవారిలో తెల్లమచ్చలు కొత్తగా పుట్టడం తగ్గిపోయినది. ఈ ఫలితం 1986లో లాన్సెట్‌లో వచ్చినది. ఇన్ని ఏండ్లు తిన్న తరువాత ఇప్పుడు మానితే ఏమి లాభం అనే మన పెద్దల మాటకు జవాబు శ్రీకాకుళం పల్లెలలోనే ఉన్నదన్నమాట.

ఇక ఆ మచ్చలో లోపల ఏమి జరుగుతుంది? డాక్టరుగారు నాకు చెప్పినది నా మాటలలో చెబుతాను. బుగ్గ లోపలి పొర కణాలనే ఇటుకలతో కట్టిన గోడ వంటిది. అడుగు వరుస కణాలు విడిపోయి కొత్తవి పుడుతుంటే పై వరుసలు రాలిపోతుంటవి. రెండు వారాలు అటూ ఇటూగా పొర అంతా కొత్తది అవుతుంది. నోట కాలిన బొబ్బ అంత త్వరగా మానేది అందుకే. అడుగున ఒక పలుచని పునాది పొర ఉన్నది; పై కణాలు దానిని దాటి కిందికి దిగరాదు. పొగాకులోని విషపదార్థాలు ఆ అడుగు కణాలలోని జన్యువులను గాయపరుస్తవి. ఒక్క గాయంతో ఏమీ కాదు. శరీరం బాగుచేసుకొంటుంది, లేక ఆ కణమే చచ్చిపోతుంది. అట్లా చెడిన కణాన్ని ఆపే కాపలాదారు జన్యువులు కొన్ని ఉన్నవి; పి53 అనేది వాటిలో పేరు మోసినది. రోజుకు పదిసార్లు, ముప్పై ఏండ్లు అదేచోట గాయమవుతూ ఉంటే ఒకనాటికి కాపలాదారే గాయపడతాడు. అక్కడి నుండి చెడిన కణం చెడిన కణాన్నే కంటుంది.

మొదట పొర మందమవుతుంది, అది తెల్లమచ్చ. తరువాత కణాల ఆకారం, వరుస చెడుతుంది. దీనిని డిస్‌ప్లేసియా అంటారు. కొద్దిపాటి, మధ్యస్థం, తీవ్రం అని మెట్లు. అంతా పునాది పొరకు పైననే. అది దాటిన రోజున క్యాన్సరు. అక్కడ నుండి దవడ ఎముక, మెడ గ్రంథులు. ఈ గాయాలు ఏ వరుసలో చేరుతవో 1996లో అమెరికాలో కాలిఫానో అనే పరిశోధకుడు, ఆయన తోటివారు జన్యువులను చూచి ఒక పటంలాగ వ్రాశారు. మచ్చ దశలోనే కొన్ని దెబ్బలు తగిలి ఉండవచ్చునని దానివల్ల తెలిసినది. మచ్చ చుట్టుపక్కల పైకి బాగున్న పొరలో కూడ గాయాలు ఉండవచ్చునని 1953లోనే స్లాటర్ అనే ఆయన చెప్పాడు. ఒకచోట కోసివేసినా మరొకచోట రావచ్చుననడానికి కారణం ఇదే.

తెల్లమచ్చలన్నీ క్యాన్సరు కావు, ఎవరూ హడలిపోనక్కరలేదు. ఎక్కువభాగం కావు. అలవాటు మానితే కొన్ని కరిగిపోతవి కూడ. భయపడవలసినది ఎర్రమచ్చను చూచి. మఖమలు గుడ్డలాగ ఎర్రగా, మెత్తగా, నొప్పి లేకుండా ఉంటుంది. 1975లో షేఫర్, వాల్డ్రన్ అనేవారు అటువంటి 65 మచ్చల ముక్కలను సూక్ష్మదర్శినిలో చూస్తే సగానికి పైగా అప్పటికే క్యాన్సరు అయి ఉన్నవి, మిగిలినవాటిలో చాలాభాగం తీవ్రదశలో ఉన్నవి. తెలుపులో ఎరుపు కలిసి ఉన్నా అదే జాగ్రత్త.

పొగాకు వేసుకోను, ఉత్త ఆకువక్కే అనేవారు మనలో చాలామంది. నేనూ అదే అనుకొనేవాణ్ణి. దేవుడికి పెట్టేదానిలో దోషమేమిటని వాదించేవాణ్ణి కూడ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ పొగాకు కలిసిన తాంబూలం క్యాన్సరుకు కారణమని 1985లోనే చెప్పినది. 2003లో తిరిగి సమావేశమై, పొగాకు లేకపోయినా వక్క తానే క్యాన్సరు కారకమని తేల్చినది. తమలపాకును తప్పుపట్టలేదు, దోషి వక్క. వక్కలోని అరెకోలిన్ అనే పదార్థం పొర కింద నారను విపరీతంగా పెంచుతుంది. సున్నం ఈ రసాయనాలను మరింత చురుకుగా పనిచేయిస్తుంది, పొరను కొరుకుతుంది. నార పెరిగి బుగ్గ తోలు బిగిసిపోతుంది, పాలిపోతుంది, కారం తగిలితే మంట, నోరు క్రమంగా తెరుచుకోదు. ఈ జబ్బును 1952లో ష్వార్ట్స్ అనే డాక్టరు తూర్పు ఆఫ్రికాలోని అయిదుగురు భారతీయ స్త్రీలలో మొదట గుర్తించాడు. సముద్రం దాటిపోయినా వక్క వెంటనే పోయినదన్నమాట. ఎర్నాకుళంలో ఈ జబ్బు గల 66 మందిని 17 ఏండ్ల వరకు వెంట చూస్తే అయిదుగురికి క్యాన్సరు వచ్చినది. ఇప్పుడు పిల్లలు కొనుక్కొనే రంగురంగుల పొట్లాలలో ఉన్నది ఆ వక్కే. అవ్వకు ముప్పై ఏండ్లు పట్టిన పని ఈ పొట్లాలు తక్కువకాలంలో చేస్తున్నవని డాక్టర్లు వాపోతున్నారు.

పట్టుకొనే ఉపాయం మాత్రం ఆశ్చర్యపడేటంత చవక. 1996లో తిరువనంతపురం జిల్లాలో డాక్టరు శంకరనారాయణన్, ఆయన తోటివారు పదమూడు పంచాయతీలను రెండు భాగాలు చేశారు. ఒక భాగంలో తర్ఫీదు ఇచ్చిన కార్యకర్తలు మూడేండ్లకొకసారి ఇల్లిల్లూ తిరిగి టార్చి వెలుగులో నోళ్లు చూచారు. వారు డాక్టర్లు కారు. మరొక భాగంలో మామూలుగా వదిలారు. రెండూ కలిసి 1,91,000 మందికి పైగా జనం. 2005లో ఫలితం ప్రకటించారు. పొగాకో, సారాయో అలవాటున్నవారిలో, నోరు చూచిన పంచాయతీలలో నోటి క్యాన్సరు చావులు మూడోవంతు తగ్గినవి. ఒక టార్చి, ఒక జత చేతి తొడుగులు, పదినిమిషాలు. ఇంతకంటె తక్కువ ఖర్చుతో ఇన్ని ప్రాణాలు నిలిపిన పరీక్ష ఏదైనా ఉన్నదేమో గాని నాకు తెలియదు. 2016 నుండి కేంద్ర ప్రభుత్వం ముప్పై దాటిన ప్రతివారికీ అయిదేండ్లకొకసారి నోరు చూడాలని పద్ధతి ఏర్పరచినది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రక్తపు పోటు చూపించుకోవడానికి పోయినప్పుడు, నోరు కూడ చూడండమ్మా అని మనం అడగవచ్చును. అడగకపోతే రద్దీలో అది జారిపోతుంది. ఫోనుతో నోటిని ఫోటో తీసి దూరాన ఉన్న డాక్టరుకు పంపే పద్ధతిని కూడ కర్ణాటకలో పరీక్షించి చూచారు.

ఇంట్లో మనకై మనం చూచుకొనేది ఇట్లా. నోరు పుక్కిలించి, కట్టుడు పండ్లుంటే తీసి, వాకిట ఎండ వెలుగుకు అద్దం పట్టుకొని నిలబడవలెను. పెదవులు తిప్పి లోపల, రెండు బుగ్గలు వేలితో లాగి చివరిదాకా, చిగుళ్లకూ బుగ్గకూ మధ్య సందు, నాలుక చాచి రెండు అంచులు, నాలుక పైకెత్తి కింద, తల వెనుకకు వంచి అంగిలి. వేలితో తడిమితే గట్టిగా తగిలేది ఉన్నదా, తుడిస్తే పోని తెలుపు ఉన్నదా, ఎరుపు ఉన్నదా. మూడు వేళ్లు నిలువుగా పండ్ల మధ్య దూరవలెను. మెడ రెండు పక్కలా తడిమి చూడవలెను. విరిగిన పన్ను ఒరిసి పుండు పడటం మామూలే. ఆ పన్ను నున్నగా చేయించిన తరువాత రెండు వారాలలో మానవలెను. మానకపోతే ఎవరి మాటా వినక డాక్టరు దగ్గరకు పోవలసినదే. ఆయన అవసరమైతే నీలిరంగు మందు పూసి అనుమానపు చోటు గుర్తించి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాడు. కత్తి తగిలితే పాకుతుందని మనలో ఒక భయం ఉన్నది. అది వట్టిమాట. పాకేది ఆలస్యంవల్ల.

ఇప్పుడు నా సంగతి. పొగాకు ముట్టను. ఆఫీసులో మధ్యాహ్నం భోజనం తరువాత ఒక తీపి వక్కపొడి పొట్లం, నాలుగు గంటలకు ఒకటి, పద్దులు తేలని రోజున మరి రెండు. ఇరవై ఏండ్లుగా ఇదే. మొన్న దసరాకు ఇంట్లో అప్పడాలు తింటూ అంచులు విరుచుకొని తింటుంటే మా ఇంటావిడ చూచి, "మీరు నోరు పూర్తిగా తెరవరేమండీ?" అన్నది. తెరిచానన్నాను. "మూడు వేళ్లు పెట్టండి చూద్దాం" అన్నది. ఎక్కడో విన్నదట. రెండు వేళ్లు పోయినవి, మూడోది గోటిదాకా. కోపం వచ్చినది, మాట మార్చాను. రాత్రి నిద్ర పట్టలేదు. లేచి అద్దం ముందు నిలబడి బుగ్గ లాగి చూచాను. కుడివైపు, సరిగ్గా నేను వక్క నిలిపేచోట, తెలుపు. అవ్వ బుగ్గలో దీపం వెలుగులో చూచిన తెలుపే.

నొప్పి లేదు. అవ్వ మాట నాకూ నోటిదాకా వచ్చినది. ఆడిటు అయినాక చూద్దామనుకొన్నాను. ఒక నెల అట్లా పోయినది. ఇంత చదివిన తరువాత కూడ పోయినదని అనుకోకండి, అప్పటికి నేనేమీ చదవలేదు. చివరకు ఇంటావిడే బస్సెక్కించి తీసుకొనిపోయినది. పండ్ల డాక్టరుగారు చిన్న వయస్సు అమ్మాయి. బియ్యపు గింజంత ముక్క తీసింది. కాగితం రావడానికి పది రోజులు పట్టినది. ఆ పది రోజులు ఆఫీసులో ఏ కాగితం మీద ఏమి వ్రాశానో నాకు తెలియదు. వచ్చినదానిలో కొద్దిపాటి డిస్‌ప్లేసియా అని ఉన్నది. క్యాన్సరు కాదు. వక్క నేటితో మానండి, నోరు తెరిచే వ్యాయామం చేయండి, మూడు నెలలకొకసారి రండి అన్నది. మచ్చ మిగిలితే తీసివేస్తుందట. మానడం చెప్పినంత సులభం కాదు. నాలుగు గంటలు కొట్టేసరికి చేయి సొరుగులోకి పోతుంది. సొరుగులో ఇప్పుడు సోంపు డబ్బా ఉన్నది. రెండోసారి పోయినప్పుడు మచ్చ కొంచెం చిన్నదైనదన్నది. వేళ్ల సంగతి మాత్రం అట్లాగే ఉన్నది; బిగిసినది అంత త్వరగా సడలదట.

మా అమ్మకు డెబ్బై దాటినవి. అవ్వ వక్కాకు సంచి ఆమెకే వచ్చినది, ఇత్తడి సున్నపు డబ్బీతో సహా. పొగాకు కూడ వేసుకొంటుంది. నోరు చూపించమ్మా అని నేను ఎన్నిసార్లడిగినా, "పోయే వయస్సులో నాకు పరీక్షలేమిటిరా, నాకేమీ నొప్పి లేదు" అనేది. నా కాగితం వచ్చిన రోజున ఇంటావిడ దానిని అమ్మకు చదివి చెప్పినది. అమ్మ ఏమీ అనలేదు. మరునాడు ఉదయం కాఫీ తాగిన తరువాత వాకిట పీట వేసుకొని ఎండకు మొగం పెట్టి కూర్చున్నది. "ఏదీ, ఆ టార్చి తీసుకొని రా" అన్నది.

అమ్మ నోరు తెరిచి నాకు చూపించడం నేను పుట్టిన తరువాత అదే మొదటిసారి. కుడి బుగ్గ బాగున్నది. నాలుక అంచులు బాగున్నవి. ఎడమ బుగ్గ లోపల, ఒక విరిగిన పన్ను ఎదురుగా, ఎర్రని గీత ఒకటి. పన్ను ఒరిపిడే కావచ్చునని డాక్టరమ్మ పన్ను అంచు అరగదీసి, రెండు వారాలు చూచి తీసుకొని రమ్మన్నది; మానకపోతే ముక్క తీయవలెనన్నది. వక్కాకు సంచి ఇప్పుడు గూట్లో ఉన్నది. అమ్మ దానిని పారవేయలేదు, ముట్టుకోనూ లేదు. రెండు వారాలు వచ్చే శుక్రవారానికి అవుతున్నవి. నేను సెలవు పెట్టాను.